ఇల్లు అమ్మకానికి పెట్టి నెలలవుతోంది, చూసేవాళ్లే గానీ కొనేవాళ్లు లేరు. ఏం చేయాలి?

మందారం:

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇల్లు అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు చాలామంది ఉంటారన్న ఆశతో రాస్తున్నాను, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

మా ఇల్లు అమ్మకానికి పెట్టి చాలా నెలలైంది. మూడు పడక గదులు, గాలీ వెలుతురూ బాగుంటాయి, కట్టి పదేళ్లు దాటింది. మావారి ఉద్యోగం వేరే ఊరికి మారడంతో సామానంతా తీసుకుని వచ్చేశాం, ఇప్పుడు అది ఖాళీగా తాళం వేసి ఉంది. మొదట్లో ఫోన్లు బాగానే వచ్చాయి, తరచూ ఎవరో ఒకరు వచ్చి చూసేవాళ్లు. వచ్చినవాళ్లంతా బాగుందనే అంటారు, ఇంట్లో మాట్లాడుకుని చెబుతామంటారు, అంతే, మళ్లీ వాళ్ల నుంచి ఫోన్ ఉండదు. ఇప్పుడైతే చూడ్డానికి వచ్చేవాళ్లు కూడా బాగా తగ్గిపోయారు. మధ్యలో ఒకాయన మేం చెప్పినదానికన్నా చాలా తక్కువకి అడిగారు. మావారికి కోపం వచ్చి అక్కడికక్కడే కుదరదనేశారు.

ముందు ఒక ఏజెంట్‌కే ఇచ్చాం. త్వరగా అవుతుందని తర్వాత ఇంకో ఇద్దరికి కూడా చెప్పాం. ముగ్గురూ ఎవరికి వారు ఆన్‌లైన్‌లో పెట్టారు. మేం అడిగినప్పుడల్లా వాళ్లు చెప్పే మాట ఒకటే, ధర తగ్గించండి అని. మావారేమో కొన్న ధర, ఆ తర్వాత వంటగది మొత్తం మార్పించిన ఖర్చు, ఇన్నేళ్ల వడ్డీ అన్నీ కలిపి లెక్క వేసి, ఇంతకన్నా తక్కువకి ఇస్తే మనకి నష్టం కదా అంటారు. ఆయన మాటలోనూ న్యాయం ఉందనిపిస్తుంది. కానీ అక్కడ లోన్ కట్టాలి, ఇక్కడ అద్దె కట్టాలి, నెల మొదటి వారం వచ్చిందంటే టెన్షన్ మొదలవుతోంది.

ధర తగ్గించాలా, తగ్గిస్తే ఎంత? కొన్నాళ్లు లిస్టింగ్ తీసేసి మళ్లీ కొత్తగా పెడితే నయమా? లేక అమ్మే ఆలోచన మానేసి అద్దెకి ఇచ్చేయాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

తాళంచెవి:

మందారం గారూ, ధర ఎంత తగ్గించాలన్నది కాసేపు పక్కన పెట్టండి. ముందు వ్యవహారం ఎక్కడ ఆగిపోతోందో చూడాలి, ఎందుకంటే ఒక్కో చోట ఆగితే ఒక్కో కారణం ఉంటుంది. ఆన్‌లైన్‌లో చూస్తున్నారు గానీ ఫోన్ చేయడం లేదంటే ఫోటోలో, ధరో, లేదా రెండూనో. ఫోన్ చేసి రావడం లేదంటే ఫోన్‌లో ఏజెంట్ చెప్పే మాటల్లో ఏదో వాళ్లని వెనక్కి లాగుతోంది. వచ్చి చూసి వెళ్లిపోతున్నారంటే ఫోటోలో చూసి ఊహించుకున్నదానికీ కళ్లారా చూసినదానికీ తేడా ఉంది, లేదా అదే డబ్బుకి ఇంకో ఇల్లు వాళ్లకి మెరుగ్గా కనిపించింది. బేరం కుదిరాక వెనక్కి పోతున్నారంటే కాగితాల్లోనో కొనేవాళ్ల లోన్‌లోనో చిక్కు ఉంది. మీ సంగతి మొదట్లో మూడో రకం, ఇప్పుడు మొదటి రకం కూడా తోడైంది.

ఫోన్లు తగ్గిపోవడానికి కారణం మీ ఇంట్లో కొత్తగా లోపం పుట్టడం కాదు. ఎప్పటి నుంచో ఇల్లు వెతుకుతున్నవాళ్లంతా కొత్త లిస్టింగ్ కనిపించగానే ఒక్కసారిగా చూస్తారు. ఆ గుంపు చూసి వెళ్లిపోయాక, మిగిలేది కొత్తగా వెతకడం మొదలుపెట్టినవాళ్లే. పైగా వాళ్లు ఇది ఇన్ని నెలలుగా ఎందుకు అమ్ముడుపోలేదు, ఏదో ఉండే ఉంటుంది అన్న అనుమానంతోనే వస్తారు. అందుకే మొదటి వారాల్లో ఉన్న బలం తర్వాత ఉండదు. అలాగని ఇక లాభం లేదనుకోకండి, ఏదో ఒకటి నిజంగా మారిస్తే కొత్తవాళ్లు వస్తారు.

ఇప్పుడు ధర. మీ చుట్టుపక్కల ఇలాంటి ఇళ్లకి ఎంత *అడుగుతున్నారు* అన్నది చూడకండి, ఎంతకి *అమ్ముడుపోయాయి* అన్నది చూడండి. అడిగే ధరలన్నీ మీలాగే ఎదురుచూస్తున్నవాళ్లవి. ఈ మధ్య నెలల్లో వ్యవహారం పూర్తయిన నాలుగైదు ఇళ్లు పట్టుకోండి, విస్తీర్ణం, వయసు, ఏ అంతస్తు, పార్కింగ్ ఉందా లేదా అన్నీ పోల్చి చూడండి. ఏజెంట్‌ని తగ్గించమన్నది ఏ ఇళ్ల అమ్మకాలు చూసి అని అడగండి, ఆధారం చూపించలేకపోతే ఆ మాటకి విలువ లేదు. మీవారి లెక్క మీ ఇంటికి సంబంధించినంతవరకు నిజమే, కాదనను. కానీ కొనేవాళ్లకి మీ వడ్డీతో పనిలేదు, మీ వంటగది ఖర్చుతోనూ పనిలేదు. వంటగది బాగుంటే కొంత విలువ ఇస్తారు, చాలాసార్లు అది మీరు పెట్టినంత ఉండదు, వాళ్లకి నచ్చిన పద్ధతి వేరే అయితే అసలే ఉండదు.

తగ్గించాలని తేలితే కొంచెం కొంచెంగా తగ్గించకండి. నెలనెలా కాస్త కాస్త దిగుతుంటే చూసేవాళ్లు ఇంకా దిగుతుందని ఆగుతారు. ఒకేసారి, కనిపించేలా తగ్గించండి. ఇంకో సంగతి, ఆన్‌లైన్‌లో వెతికేవాళ్లు ఇంతలోపు అని గుండ్రని అంకె పెట్టుకుని వెతుకుతారు. మీ ధర ఆ అంకెకి కాస్త పైన ఉంటే వాళ్లకి మీ ఇల్లు అసలు కనిపించదు. ఆ గీత దాటించేంత తగ్గిస్తే కొత్త జనం కంట పడుతుంది, గీతకి పైనే ఎంత తగ్గించినా పెద్దగా ఫలితం ఉండదు.

ఇక ముగ్గురు ఏజెంట్ల సంగతి. దయచేసి ఈరోజే ఆ మూడు లిస్టింగులూ తెరిచి చూడండి. మూడు చోట్లా ధర ఒకటేనా? విస్తీర్ణం ఒకటేనా? నేను ఇల్లు వెతుకుతున్నప్పుడు ఒకే ఇల్లు మూడు రకాల ధరలతో కనిపించేది. అలాంటప్పుడు ఎవరైనా తక్కువ ధర దగ్గర నుంచే బేరం మొదలుపెడతారు, పైగా అమ్మేవాళ్లు ఏదో కంగారులో ఉన్నారనుకుంటారు. ఒకరినే ఉంచుకోండి, గడువు పెట్టి కాగితం మీద రాసుకోండి, చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ ఏమన్నారో మర్నాడు కనుక్కుని మీకు చెప్పాలన్న షరతు పెట్టండి. బాగుంది అన్న మాట మర్యాదకి అనేది. నచ్చనిదేమిటి అని విడిగా అడిగితేనే చెబుతారు. వరసగా ముగ్గురు నలుగురు ఒకే లోపం చెప్పారంటే అక్కడే పని ఉందన్నమాట.

పాతమేస్త్రి:

పైన తాళంచెవి గారు చెప్పినది సరే. నేను ఇళ్ల మరమ్మతు పని చేసేవాణ్ని, నాకు తెలిసినవరకు చెబుతాను.

ఖాళీగా మూసి పెట్టిన ఇల్లు త్వరగా పాడైనట్టు కనిపిస్తుంది. ముఖ్యంగా వాసన. బాత్రూమ్ నేలలో, సింక్ కింద నీళ్లు పోయే గొట్టానికి ఒక వంపు ఉంటుంది, అందులో ఎప్పుడూ కాస్త నీళ్లు నిలిచి ఉంటాయి, మురుగు గాలి పైకి రాకుండా ఆపేది ఆ నీళ్లే. కొన్ని వారాలు వాడకపోతే అవి ఆవిరైపోతాయి, ఇల్లంతా మురుగు వాసన కొడుతుంది. కొనేవాళ్లు తలుపు తీయగానే ఇదేదో డ్రైనేజీ సమస్య అనుకుని మనసులోనే వద్దనుకుంటారు, పైకి చెప్పరు. విరుగుడు చాలా తేలిక. అన్ని చోట్లా ఒక చెంబు నీళ్లు పోయించండి, ఫ్లష్ నొక్కించండి. నీళ్లు పోశాక పైన రెండు చెంచాల నూనె పోస్తే త్వరగా ఆవిరి కాదు.

తర్వాత చెమ్మ. పైకప్పు మీద గోధుమరంగు మరక ఒక్కటి ఉన్నా కొనేవాళ్ల చూపు అక్కడే ఆగుతుంది, ఎంత ఖర్చవుతుందో తెలియదు కాబట్టి మనసులో అసలుకన్నా పెద్ద అంకె వేసుకుంటారు. మరక మీద రంగు వేసి కప్పేయకండి, మళ్లీ బయటికొస్తుంది, బేరం మధ్యలో బయటపడితే నమ్మకం పూర్తిగా పోతుంది. ఎక్కడి నుంచి కారుతోందో పట్టుకుని ఆపించి, గోడ పూర్తిగా ఆరాక రంగు వేయించి, ఆ పని చేసిన బిల్లు దాచి కొనేవాళ్లకి చూపించండి. పగుళ్లుంటే వెంట్రుకంత సన్నగా ప్లాస్టర్‌లో ఉన్నవి భయపడాల్సినవి కావు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయి ఒక చివర వెడల్పవుతున్నదైతే మాత్రం ఇంజినీర్‌కి చూపించి రిపోర్టు రాయించండి.

బిగుసుకుపోయిన తలుపు, తిప్పినా ఆగని కుళాయి, వెలగని బల్బు, ఇవన్నీ ఒక్క రోజు పని. కరెంటు, నీళ్లు మాత్రం అస్సలు కట్ చేయించకండి. టార్చిలైటుతో ఇల్లు చూపిస్తే ఎవరు కొంటారు? బల్బులన్నీ ఒకే రంగు వెలుగువి పెట్టించండి, ఒక గది పసుపు, ఒక గది తెలుపు అయితే గోడలు మాసినట్టు కనిపిస్తాయి. లేతరంగు ఒక కోటింగ్ వేయించడం వరకు సరే, బాత్రూమ్ మొత్తం పగలగొట్టి కొత్తది కట్టించే పనులు అమ్మే ముందు పెట్టుకోవద్దు.

ఇల్లు ఖాళీగా ఉంటే గదులు చిన్నగా కనిపిస్తాయి కూడా. మంచం పడుతుందా, బల్ల ఎక్కడ వేసుకోవాలి అన్నది చాలామందికి ఖాళీ గది చూసి తెలియదు. వీలైతే హాల్లో, పెద్ద పడకగదిలో నాలుగు సామాన్లు వేయించండి. వీలుకాకపోతే కొలతలు రాసిన ప్లాన్ ఒకటి ఫోటోలతో పాటు పెట్టండి.

మందారం:

పాతమేస్త్రి గారూ, మీరు చెప్పింది చదివి వెంటనే పక్కింటివాళ్లకి ఫోన్ చేసి ఒకసారి లోపలికి వెళ్లి చూడమన్నాను. రెండు బాత్రూముల్లోనూ వాసన వస్తోందట! చిన్న పడకగదిలో పైకప్పు మీద మరక ఉన్న మాట నిజమే, పైన ట్యాంకు నుంచి వచ్చింది, ఎలాగూ కొనేవాళ్లు రంగులు వేయించుకుంటారు కదా అని అలాగే ఉంది. ఈ వారమే మనిషిని పెట్టిస్తాను.

లిస్టింగులు కూడా చూశాను తాళంచెవి గారూ. రెండు చోట్ల ఒక ధర, మూడో చోట ఇంకో ధర. ఫోటోల్లో సగం సాయంత్రం తీసినవి, మొదటి ఫోటో గేటుకి అడ్డంగా ఎవరిదో బండి.

ఒక సందేహం. ఏజెంట్‌కి తన కమీషన్ త్వరగా రావాలని ఉంటుంది కదా, తగ్గించండి అన్న మాటని ఎంతవరకు నమ్మాలి? కొన్న ధరన్నా రాకుండా ఎలా ఇస్తాం అని మావారు గట్టిగా అంటున్నారు, ఆయనకి ఏమని చెప్పాలి?

లెక్కలపుస్తకం:

మందారం గారూ, మీ రెండు ప్రశ్నలకీ అధ్యయనాలు జరిగాయి, అందుకే రాస్తున్నాను.

ఏజెంట్ గురించి మీ అనుమానం నిరాధారం కాదు. స్టీవెన్ లెవిట్, చాడ్ సివర్సన్ అనే ఆర్థికవేత్తలు షికాగో ప్రాంతంలో దాదాపు లక్ష ఇళ్ల అమ్మకాలు పరిశీలించి 2008లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ఏజెంట్లు తమ సొంత ఇల్లు అమ్ముకునేటప్పుడు, అలాంటివే అయిన ఖాతాదారుల ఇళ్లకన్నా సగటున తొమ్మిదిన్నర రోజులు ఎక్కువ ఆగారు, సుమారు 3.7 శాతం ఎక్కువ ధర తెచ్చుకున్నారు. కారణం కమీషన్ లెక్కలోనే ఉంది. ధర కొంచెం పెరిగితే అందులో మీకు వచ్చేది చాలా, ఏజెంట్‌కి వచ్చేది చాలా తక్కువ, ఆ కాస్త కోసం ఇంకో నాలుగు వారాలు తిరగడం ఆయనకి గిట్టదు. కాబట్టి తగ్గించమన్న సలహాని ఆధారం లేకుండా ఒప్పుకోనక్కర్లేదు. కానీ గమనించండి, అక్కడ తేడా తొమ్మిదిన్నర రోజులు. నెలల తరబడి కదలని ఇంటికి ఆ వాదన పనికిరాదు. అంతకాలం మార్కెట్లో ఉండి ఒక్క ఒప్పుకోదగ్గ ఆఫర్ రాలేదంటే, ఏజెంట్ ఉద్దేశం ఏదైనా ఆయన చెబుతున్నది నిజం అయ్యే అవకాశమే ఎక్కువ.

ఇక మీవారి మాట. ఆయన ఒక్కరే కాదు, మనుషులందరం అంతే. డేవిడ్ జెనెసోవ్, క్రిస్టఫర్ మేయర్ 1990లలో బోస్టన్‌లో అమ్మిన అపార్ట్‌మెంట్ల మీద చేసిన పరిశోధన 2001లో వచ్చింది. కొన్న ధరకన్నా తక్కువకి అమ్మాల్సి వచ్చినవాళ్లు, ఆ నష్టంలో 25 నుంచి 35 శాతం దాకా కలిపి ధర ఎక్కువ చెప్పారు. చివరికి అదనంగా చేతికొచ్చింది ఆ నష్టంలో 3 నుంచి 18 శాతమే. వాళ్ల ఇళ్లు అమ్ముడుపోవడానికి మిగతావాళ్లకన్నా చాలా ఎక్కువ కాలం పట్టింది. అంటే పట్టుబడితే ఏమీ రాదని కాదు, కొంత వస్తుంది, కానీ కాలం రూపంలో దానికి ఖరీదు కట్టాలి. ఆ ఖరీదు ఎంతో తెలిస్తే మీవారు తనే నిర్ణయించుకోగలరు.

అది ఇలా లెక్క వేయండి. ఇల్లు ఒక నెల మీ చేతిలో ఉండడానికి అయ్యేదంతా ఒక కాగితం మీద రాయండి. లోన్ వాయిదాలో అసలు తీసేసి వడ్డీ మాత్రమే తీసుకోండి, అసలు మీ సొమ్ముగానే ఉంటుంది. ఇంటి పన్ను, బీమా, నిర్వహణ ఖర్చు, కరెంటు, కాపలా, రాకపోకలు. దానికి, ఇల్లు అమ్మితే చేతికొచ్చే డబ్బు మీద నెలకి రాగలిగే ఆదాయం కలపండి. ఉదాహరణకి మొత్తం కలిపి ఇంటి విలువలో నెలకి 0.7 శాతం అయిందనుకోండి. ఆరు నెలలు ఆగితే 4.2 శాతం. అంటే ఇవాళ 4 శాతం తక్కువకి వచ్చిన ఆఫర్ కాదని, ఆరు నెలల తర్వాత మీరు అడిగిన పూర్తి ధర తెచ్చుకున్నా మిగిలింది ఏమీ లేదు. మీ అంకె 0.3 అయితే ఆగడంలో అర్థం ఉండొచ్చు, ఒకటి దాటితే లేదు. లోన్ ఎంత మిగిలి ఉందో మాత్రం ముందే చూసుకోండి, అమ్మిన డబ్బు దానికి సరిపోకపోతే బ్యాంకుతో మాట్లాడకుండా బేరం ఒప్పుకోవద్దు.

ఈ కాగితం మీరిద్దరూ కూర్చుని కలిసి రాసుకోండి. మీరు రాసి ఆయన ముందు పెడితే అది వాదన అవుతుంది.

వెన్నెల:

అద్దె గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను, మా అత్తమామల ఇంటికి ఇదే చేశాం.

అద్దెకి ఇస్తే లోన్ భారం తగ్గుతుంది, ఇల్లు వాడకంలో ఉంటుంది, అది నిజం. కానీ అమ్మకం కష్టమవుతుంది. తాము ఉండడానికి కొనేవాళ్లు, లోపల మనుషులున్న ఇంటిని ముట్టుకోవడానికి జంకుతారు, ఖాళీ చేస్తారో లేదో అని. చూపించాలంటే ప్రతిసారీ అద్దెవాళ్లని బతిమాలుకోవాలి, వాళ్ల ఇల్లు వాళ్లిష్టమొచ్చినట్టు ఉంటుంది, మనం సర్దమనలేం కదా. అప్పుడు మీకు మిగిలేది పెట్టుబడి కోసం కొనేవాళ్లే, వాళ్లు అద్దె ఎంత వస్తోందో చూసి దాన్ని బట్టే ధర కడతారు. సొంతంగా ఉన్న ఇల్లు అమ్మితే పన్నులో వచ్చే మినహాయింపు, అద్దెకిచ్చి కొన్నేళ్లు గడిస్తే కొన్ని దేశాల్లో తగ్గిపోతుంది, పోతుంది కూడా, మీ దగ్గర ఎలాగో ముందే కనుక్కోండి.

కాబట్టి ఇస్తే రెండు మూడేళ్లు అమ్మనని గట్టిగా అనుకుని ఇవ్వండి. నాలుగు నెలలు ఇచ్చి చూద్దాం అనుకుంటే మాత్రం వద్దు. మా విషయంలో అత్తగారికి డబ్బు అప్పుడే అవసరం లేదు, అందుకని మాకు కుదిరింది. మీకు రెండు వైపులా డబ్బు కట్టాల్సి వస్తోంది, మీ పరిస్థితి వేరు.

లిస్టింగ్ తీసేసి మళ్లీ పెట్టడం గురించి కూడా. ఊరికే తీసి ఊరికే పెడితే లాభం లేదు, చాలా సైట్లలో పాత ధర, పాత తేదీ కనిపిస్తాయి, ఏజెంట్లకి ఎలాగూ గుర్తుంటుంది. మరమ్మతులు, కొత్త ఫోటోలు, కొత్త ధర, ఒకే ఏజెంట్, ఇవన్నీ తయారయ్యేవరకు తీసేసి అన్నీ కలిపి ఒకేసారి పెడితే అప్పుడు నిజంగానే కొత్తది. ఫోటోలు పగటి వెలుగులో, పరదాలన్నీ తీసి, గది మూల నుంచి ఛాతీ ఎత్తులో పట్టుకుని తీయించండి. గదులు మరీ విశాలంగా కనిపించే లెన్స్ వద్దు, వచ్చి చూశాక నిరుత్సాహపడతారు.

మందారం:

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు, చాలా చాలా థాంక్స్. నిన్న రాత్రి మావారూ నేనూ కూర్చుని ఆ నెల ఖర్చు రాశాం. అంకె చూసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఒక ఏజెంట్‌నే ఉంచుకుందామన్నారు, మరమ్మతులు అయ్యేవరకు లిస్టింగులు తీయించేస్తున్నాం. ధర ఇంకా తేల్చలేదు, అమ్ముడుపోయిన ఇళ్ల వివరాలు రావాలి.

చివరగా ఒకటి. ఆ రోజు తక్కువకి అడిగినాయన నంబరు ఇంకా ఉంది. మనమే ఫోన్ చేస్తే చులకన అవుతామా?

తాళంచెవి:

ఏమీ అవరు, తప్పకుండా చేయండి. ఇన్ని నెలల్లో డబ్బు మాట ఎత్తిన ఒకే ఒక్క మనిషి ఆయన. తక్కువకి అడగడం అవమానించడం కాదు, బేరం మొదలుపెట్టడం. అప్పుడు కుదరదని ఊరుకోకుండా ఇంతైతే ఇస్తామని ఒక అంకె చెప్పి ఉంటే మాట సాగేది, ఇప్పుడు అదే చేయండి.

కానీ ఈరోజే వద్దు. మరక పని, వాసన పని అయ్యాక చేయండి, అప్పుడు చెప్పడానికి మీ దగ్గర ఒక కారణం ఉంటుంది: మీరు చూసినప్పుడు ఉన్న కారడం ఆపించాం, మరోసారి వచ్చి చూస్తారా అని. ధర ఫోన్‌లో మాట్లాడొద్దు. వచ్చాక ఆయనకి ఏం ముఖ్యమో వినండి, కొందరికి ధరకన్నా ఎప్పుడు చేరొచ్చు అన్నదే ముఖ్యం, మీ ఇల్లు ఖాళీగా ఉంది కాబట్టి అది మీకు కలిసొచ్చే విషయం. బీరువాలు, ఫ్యాన్లు, గీజరు వదిలేయడం లాంటివి ధర తగ్గించకుండా ఇవ్వగలిగినవి, వాటిని ముందే బయటపెట్టకుండా చివరి మెట్టు కోసం ఉంచుకోండి. ఆయన లోన్ మీద కొంటున్నట్టయితే బ్యాంకు ఎంతవరకు ఇస్తానందో కాగితం అడగండి. మీవైపు దస్తావేజులు, పన్ను రసీదులు, లోన్ ఎంత బాకీ ఉందో బ్యాంకు ఇచ్చే పత్రం ఒక ఫైల్లో పెట్టి ఏజెంట్ దగ్గర ఒక కాపీ ఉంచండి. ఆయన చూస్తున్నంతసేపు ఏజెంట్ తప్ప మీ తరఫు వాళ్లెవరూ లోపల ఉండొద్దు, పక్కింటివాళ్లతో సహా. అప్పుడే ఇంటివాళ్లతో మనసు విప్పి మాట్లాడుకుంటారు.